కలబంద: జాతిని గుర్తుపట్టడం నుంచి గుజ్జు తీయడం దాకా

అలో అనే ప్రజాతిలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. వాటిలో మట్ట కోసి గుజ్జు ఒంటికి రాసుకోవడానికి పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ చూడటానికి, పూలకి, సేకరించే సరదాకి. చిక్కేమిటంటే, అమ్మేవాళ్ల దగ్గర చాలావాటికి ఉన్నది ఒకటే పేరు: కలబంద. అందుకే మట్టి, కుండీల సంగతి తర్వాత చూద్దాం, ముందు మొక్కను గుర్తుపట్టండి. జాతి ఏదో తేలితే ఎండ ఎంత, నీళ్లు ఎప్పుడు, కత్తి పెట్టాలా వద్దా అన్న ప్రశ్నల్లో సగం అక్కడే తీరిపోతాయి.

1. మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోండి

అందరికీ తెలిసిన అలో వెరాకు కాండం దాదాపు కనిపించదు. మట్టలు నేల దగ్గర్నుంచే గుత్తిగా పైకి లేస్తాయి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, అంచున చిన్న లేతరంగు ముళ్లు, లోపల దండిగా గుజ్జు. పూలు పసుపు. పిల్ల మొక్కల మట్టల మీద తెల్ల మచ్చలుంటాయి, పెరిగేకొద్దీ చాలావరకు మాయమవుతాయి. కాబట్టి మచ్చలు కనబడగానే ఇది అలో వెరా కాదని తేల్చేయకండి.

పెద్దయ్యాక కూడా మచ్చలు గట్టిగా నిలిచి ఉండి, మట్టలు పొట్టిగా, వెడల్పుగా, అంచున ముదురు గోధుమరంగు ముళ్లతో ఉంటే అది అలో మాక్యులేటా అయ్యే అవకాశం ఎక్కువ. దీని పూకాడ కొమ్మలు చీలుతుంది, ఒక్కో కొమ్మ చివర నారింజ లేదా ఎర్రని పూలు పైభాగం చదునుగా ఉండే గుత్తిగా వస్తాయి. రసాన్ని నీళ్లలో రుద్దితే నురగ వస్తుంది. అందుకే దీన్ని సబ్బు కలబంద అంటారు, పాత శాస్త్రీయ నామం సాపొనారియా కూడా ఆ గుణాన్ని బట్టి వచ్చిందే. కొందరి చర్మానికి దీని రసం తగిలితే దురద, మంట వస్తాయి. ముఖానికి రాసుకోవడానికి ఇది వద్దు.

అలో ఆర్బొరెసెన్స్ పొదలా పెరుగుతుంది. కాండం ఉంటుంది, కొమ్మలు వేస్తుంది, రెండు మూడు మీటర్ల ఎత్తు పోతుంది. మట్టలు సన్నగా, కాస్త వంపు తిరిగి ఉంటాయి, పూలు మెరిసే ఎరుపు. జపాన్‌లో చిన్నచిన్న కాలిన గాయాలకు ఇంటివైద్యంగా దీన్నే ఎక్కువగా వాడతారు. మట్ట సన్నన కాబట్టి గుజ్జు తక్కువే దొరుకుతుంది. కంచె వెంబడి నాటడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

అలో ఫెరాక్స్ దక్షిణాఫ్రికాది. ఒంటి కాండం, దాని మీద పెద్ద పెద్ద మట్టలు, కొన్నిసార్లు మట్టల వీపు మీద కూడా ముళ్లు. ఇది పిలకలు వేయదు. దీని మట్టల నుంచి కారే చేదు రసాన్ని ఎండబెట్టి శతాబ్దాలుగా విరేచనాల మందుగా అమ్మారు. ముసాంబరం అనేది ఇలాంటి ఎండిన కలబంద రసమే.

ఇక కిటికీ గట్టు మీద సరిపోయే చిన్నవి. చారల మట్టలున్న వేరియెగాటా, మట్టల అంచున తెల్లని వెంట్రుకల్లాంటివి ఉండే అరిస్టాటా, మేడలా ఒకదానిమీద ఒకటి మట్టలు పేర్చుకుంటూ పోయే జువెన్నా. వీటి మట్టలు కోయడం శుద్ధ దండగ, చూసుకోవడానికే పెంచండి. ఒక్క మాట: 2013, 2014 ప్రాంతాల్లో శాస్త్రవేత్తలు అలో ప్రజాతిని విడగొట్టారు. దాంతో వేరియెగాటా ఇప్పుడు గోనియలో, అరిస్టాటా అరిస్టలో అయ్యాయి. విసనకర్ర కలబందకు కుమారా అన్న ప్రజాతి పేరు వచ్చింది. లేబుళ్ల మీద మాత్రం ఇంకా పాత పేర్లే ఉంటాయి, రెండు పేర్లూ చూసి రెండు మొక్కలనుకుని ఒకటే రెండుసార్లు కొనకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త కిత్తనారతో. దీన్నే అగేవ్ అంటారు. దూరం నుంచి చూస్తే అచ్చం కలబందే. కానీ దాని మట్ట చివర సూదిలాంటి గట్టి ముల్లు ఉంటుంది. మట్టను చీలిస్తే కలబందలా జారుడు గుజ్జు రాదు, పొడవాటి నారపోగులు వస్తాయి. దాని రసం చర్మానికి తగిలితే చాలామందికి మంటలు, దద్దుర్లు. అగేవ్‌లలో చాలా రకాలు జీవితంలో ఒక్కసారి పూసి చచ్చిపోతాయి, కలబంద ముదిరాక ఏటా పూస్తుంది. మీ మొక్క కలబందో కిత్తనారో ఏ మాత్రం అనుమానం ఉన్నా ఒంటికి రాయకండి.

2. వెలుతురు చూసి చోటు ఎంచండి

కలబందకు రోజూ నాలుగైదు గంటలైనా మంచి వెలుతురు కావాలి. చాలకపోతే మట్టలు పలచబడి, పొడుగు సాగి, పక్కలకు వాలిపోతాయి. అలాంటి మొక్కకు నీళ్లెన్ని పోసినా, ఎరువెంత వేసినా నిలబడదు.

అయితే ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో పెట్టకండి. రెండు మూడు రోజుల్లో మట్టలు ఎర్రబడి, గోధుమరంగుకు తిరుగుతాయి. చాలామంది దీన్ని తెగులనుకుని మందులు కొడతారు. ఎర్రబడటం ఎండకు మొక్క ఇచ్చే జవాబు మాత్రమే, కాస్త నీడకు జరిపితే మళ్లీ పచ్చబడుతుంది. తెల్లగా పాలిపోయి ఎండిన మచ్చ పడితే మాత్రం అక్కడ మట్ట కాలినట్టే, ఆ మచ్చ పోదు. మొదట పొద్దుటి ఎండలో గంట, రెండు గంటలు ఉంచి, పది పదిహేను రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ పోండి.

ఆర్బొరెసెన్స్, ఫెరాక్స్ అలవాటు పడితే రోజంతా ఎండను తట్టుకుంటాయి. అరిస్టాటా, వేరియెగాటా లాంటి చిన్నవాటికి మధ్యాహ్నం నీడ ఉంటే మంచిది. చలి సంగతికొస్తే, 10 డిగ్రీల కంటే కిందికి దిగే రోజుల్లో అలో వెరాను లోపలికి తెచ్చేయండి. గుజ్జంతా నీరే కాబట్టి మంచు పడితే మట్టలు మెత్తబడి కుళ్లిపోతాయి.

3. మట్టి కలపండి, కుండీ ఎంచండి

మామూలు కుండీమట్టి ఒక వంతు, దానికి సమంగా ముతక ఇసుక, పెర్లైట్, ప్యూమిస్‌లలో (ఈ రెండూ తేలికైన, గుల్లగా ఉండే రాతి పలుకులు) ఏదో ఒకటి ఇంకో వంతు. ఇంతే. ఇసుక ముతకగా ఉండాలన్నది మర్చిపోకండి, సన్నటి ఇసుక మట్టిలోని గాలిసందులు పూడ్చేసి మేలుకు బదులు కీడు చేస్తుంది. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువ కలిపితే తడి రోజుల తరబడి పోదు.

కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. కాల్చిన మట్టి కుండీ అయితే గోడల గుండా కూడా తడి ఆరుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువ పోసే చేయి ఉన్నవాళ్లకు అదే దిక్కు. లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే కలబంద వేళ్లు పైపైనే పాకుతాయి. వేళ్ల ముద్ద కంటే రెండు మూడు చేతివేళ్ల వెడల్పు ఎక్కువ ఉంటే చాలు, ముందుచూపుతో పెద్ద కుండీ పెడితే వేళ్లు అందుకోలేని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. జరిగేది దానికి తలకిందులు. సన్నమట్టిలోంచి నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా జారదు, మట్టి పూర్తిగా తడిసి బరువెక్కాకే దిగుతుంది. అంటే తడిగా నిలిచే పొర రాళ్ల మీదికి, వేళ్లకు ఇంకా దగ్గరికి వస్తుందన్నమాట. చిల్లు మీద మట్టి జారకుండా చిన్న పెంకుముక్కో వల ముక్కో పెట్టి, మిగతాదంతా ఒకే మిశ్రమంతో నింపండి.

నాటాక ఐదారు రోజులు నీళ్లు పోయకండి. కుండీ మార్చేటప్పుడు తెగిన వేళ్లు ఆరాలి, తడి తగిలితే అక్కడి నుంచే కుళ్లు ఎక్కుతుంది.

4. నీళ్లు: ఎక్కువమంది మొక్కను చంపేది ఇక్కడే

కలబంద పగలు తన రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తుంది. పగటి వేడికి నీరు ఆవిరైపోకుండా ఎడారి మొక్కలు చేసుకున్న ఏర్పాటిది. దీనివల్ల దాని నీటి ఖర్చు చాలా తక్కువ. ఆ తక్కువ ఖర్చు పట్టించుకోకుండా రోజూ కాసిన్ని నీళ్లు చల్లుతూ పోతే పైమట్టి మాత్రమే తడిసి, వేళ్ల దగ్గర గాలి ఆడదు.

పద్ధతి ఇది. పోసినప్పుడు కుండీ కిందనుంచి కారేదాకా నిండుగా పోయండి. కింద పళ్లెంలో చేరిన నీటిని పారబోయండి. మళ్లీ మట్టి లోపలి దాకా ఎండేవరకు ముట్టుకోకండి. ఎండిందో లేదో పైన వేలు పెట్టి చూస్తే తెలియదు, సన్నని పుల్ల అడుగు దాకా గుచ్చి బయటికి తీయండి. మట్టి అంటుకుని వస్తే ఇంకా ఆగాలి. కొన్నాళ్లకు కుండీ ఎత్తి చూస్తే బరువును బట్టే తెలిసిపోతుంది. వేడిరోజుల్లో ఇది పది రోజులకు రావచ్చు, చలికాలంలో నెల దాటొచ్చు. క్యాలెండర్ చూసి నీళ్లు పోసేవాళ్ల మొక్కలు చలికాలంలోనే ఎక్కువగా పోతాయి.

దాహం, కుళ్లు రెండిట్లోనూ మట్టలు వాడిపోయినట్టే కనిపిస్తాయి కాబట్టి తేడా పట్టుకోవాలి. దాహంతో ఉన్న మట్ట పలచబడి, అంచులు లోపలికి ముడుచుకుని దోనెలా అవుతుంది, కానీ పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది. నీళ్లు ఎక్కువైన మట్ట మొదలు దగ్గర మెత్తబడి, పసుపెక్కి, అవతలి వెలుగు కనిపించేలా పారదర్శకంగా మారుతుంది. మొదటిదానికి నీళ్లు పోస్తే వారంలో కోలుకుంటుంది. రెండోదానికి నీళ్లు పోయడమంటే చంపడమే. దాన్ని కుండీలోంచి లాగి, కుళ్లిన భాగమంతా తెల్లని శుభ్రమైన కండ కనబడేదాకా కోసి, నీడలో వారం పాటు ఆరనిచ్చి కొత్త మట్టిలో నాటండి. మొదలు మొత్తం పోయినా పైన మంచి కండ మిగిలితే కొత్త వేళ్లు వేసే అవకాశం ఉంది.

వేరియెగాటా విషయంలో ఇంకాస్త పిసినారితనం చూపండి. అది పొడి ప్రాంతపు మొక్క, మండువేసవిలో తడిమట్టిలో ఉంచితే చెప్పాపెట్టకుండా కుళ్లిపోతుంది.

ఎరువు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొక్క చురుగ్గా పెరిగే కాలంలో ఒకటి రెండుసార్లు, చెప్పిన మోతాదులో సగం బలంతో ఇవ్వండి. అసలు ఇవ్వకపోయినా బతుకుతుంది.

5. కొత్త మొక్కలు చేసుకోండి

ఆకు నాటితే కలబంద వస్తుందన్న మాట నమ్మకండి. కొన్ని ఇతర రసభరిత మొక్కలకు ఆకులోంచే వేళ్లు, పిల్లలు వస్తాయి. కలబంద మట్టను మట్టిలో గుచ్చితే దాదాపు ఎప్పుడూ అది కుళ్లిపోవడమే.

అలో వెరా, మాక్యులేటా, అరిస్టాటా, జువెన్నాలకు దారి పిలకలే. పిలకకు నాలుగైదు మట్టలు వచ్చి జానెడులో సగం ఎత్తు పెరిగేదాకా తల్లి దగ్గరే ఉంచండి. తర్వాత మొక్క మొత్తాన్ని కుండీలోంచి తీసి, మట్టి దులిపి, పిలక తల్లికి అంటుకున్న చోట శుభ్రమైన కత్తితో విడదీయండి. సొంత వేళ్లుంటే సరే, లేకపోయినా పర్వాలేదు. రెండు మూడు రోజులు నీడలో ఉంచితే కోసిన చోట పక్కు కడుతుంది. అప్పుడు నాటండి, వారం తర్వాతే నీళ్లు.

ఆర్బొరెసెన్స్ అయితే కొమ్మ ముక్కే చాలు. జానెడు కొమ్మ కోసి, కింది మట్టలు తీసేసి, వారం పది రోజులు ఆరబెట్టి నాటితే ఇట్టే వేళ్లు వేస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు ధైర్యమిచ్చే మొక్క ఇది.

ఫెరాక్స్‌కు గింజలే గతి. తాజా గింజల్ని ఇసుక ఎక్కువున్న మిశ్రమం మీద చల్లి, పైన పలచగా ఇసుక కప్పి, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో తేమగా ఉంచితే కొన్ని వారాల్లో మొలుస్తాయి. ఇంట్లో పూసిన మొక్క గింజలైతే ఒక విషయం గుర్తుంచుకోండి: కలబందల్లో చాలావరకు తన పుప్పొడితో తాను గింజ కట్టవు, పక్క జాతితో మాత్రం తేలిగ్గా కలిసిపోతాయి. పక్కపక్కన రెండు జాతులు పూస్తే వచ్చే పిల్లలు సంకరాలే. అలాంటివాటి మట్ట ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఒంటికి వాడకండి.

6. పురుగులు, మచ్చలు

మట్టల మొదళ్లలో తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. ఇయర్ బడ్‌ను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కటే తుడవండి, వారానికోసారి చొప్పున కనబడటం మానేదాకా. వేళ్లలో కూడా చేరుతుంది కాబట్టి పైన తగ్గినా మొక్క కోలుకోకపోతే కుండీలోంచి తీసి చూడండి. మట్ట మీద గట్టి నల్లమచ్చలు పడితే అది ఎక్కువగా శిలీంధ్రం పని. ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది కానీ పాకదు, తడి తగ్గించి గాలి ఆడనిస్తే చాలు.

భయపడాల్సింది ఒక్కదానికే. మట్ట మీదో, పూకాడ మీదో వికారమైన కణుతులు, బొడిపెలు లేస్తే అది కంటికి కనిపించని నల్లి చేసే పని. బొడిపె లోపల దాక్కుంటుంది కాబట్టి పైన కొట్టే వేపనూనె దాన్ని చేరదు. ఆ భాగాన్ని చాలా కిందికంటా కోసి సంచిలో కట్టి చెత్తలో వేయండి, కత్తిని ఆల్కహాల్‌తో తుడవండి. చిన్న మొక్క అయితే మొత్తంగా పారేయడమే నయం. పక్క మొక్కల్ని కాపాడుకున్నవాళ్లవుతారు.

7. మట్ట కోయండి, గుజ్జు తీయండి

ఇది అలో వెరాకే. మొక్కకు రెండు మూడేళ్లు నిండాలి, పన్నెండు దాకా మట్టలుండాలి. అడుగున, బయటివైపున్న ముదురు మట్టను కాండానికి ఆనించి కోయండి. మధ్యలోని లేతమట్టల జోలికి పోకండి, మొక్క పెరిగేది అక్కడి నుంచే. ఒక విడతకు రెండు మట్టలు మించకుండా, మళ్లీ నెలన్నర రెండు నెలలు ఆగండి. సగం మట్ట కోసి మిగతాది మొక్కకే వదిలేస్తే ఆ సగం మళ్లీ పెరగదు, ఊరికే ఎండిపోతుంది.

కోసిన వెంటనే తెగిన చివర నుంచి పసుపుపచ్చని రసం కారడం చూస్తారు. గుజ్జుకూ దీనికీ సంబంధం లేదు. ఇది తొక్క కిందే ఉండే సన్న నాళాల్లో పారుతుంది. ఇందులో ఉండే అలోయిన్ అనే చేదు పదార్థం పేగుల్ని తీవ్రంగా కదిలిస్తుంది, కొందరికి చర్మం మీద దురద పెడుతుంది. కలబంద రాసుకుంటే మండిందనేవాళ్లలో చాలామంది ఈ రసాన్ని వదిలించకుండా రాసినవాళ్లే. మట్టను గ్లాసులో నిలువుగా, తెగిన వైపు కిందికి ఉంచి కనీసం పదిహేను నిమిషాలు కారనివ్వండి. తొందరపడాల్సిన పని లేదు, అరగంట అయినా మంచిదే. బట్టల మీద పడితే మరక వదలదు.

తర్వాత మట్ట కడిగి, రెండు అంచుల ముళ్లు కోసేయండి. బల్లమీద పరిచి, పై తొక్క కింద కత్తిని అడ్డంగా దూర్చి తీసేయండి, తిప్పి రెండోవైపు కూడా అంతే. తొక్కకు ఆనుకుని గుజ్జు కొంచెం మిగిలిపోయినా పర్వాలేదు, మరీ గీరితే ఆ పసుపు రసం మళ్లీ వచ్చి కలుస్తుంది. వచ్చిన గుజ్జు ముక్కను పారే నీటిలో కడగండి. ఎక్కడా పసుపు ఛాయ ఉండకూడదు, నీరంత తేటగా ఉండాలి.

గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. అందుకే ఎక్కువ రోజులు ఆగదు. మూత ఉన్న గాజుసీసాలో ఫ్రిజ్‌లో పెడితే వారం లోపు వాడేయాలి, రంగు మారినా వాసన వచ్చినా పారేయండి. ఎక్కువ ఉంటే చితక్కొట్టి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి, ఒక్కోసారికి ఒక్కో ముక్క.

8. వాడే ముందు

మొదట ముంజేతి లోపలివైపు చిన్న చుక్క రాసి ఒక రోజు ఆగండి. ఏమీ కాకపోతే ఎండకు కమిలిన చర్మానికి, పైపైన కాలిన చోట చల్లటి నీటితో కడిగాక, పొడిబారిన చర్మానికి రాసుకోవచ్చు. లోతైన గాయం, బొబ్బలు పగిలిన కాలిన గాయం, చీము పట్టిన చోటు ఇంటి గుజ్జుకు తగవు, డాక్టర్‌కు చూపించండి. జుట్టుకు రాస్తే మాడు చల్లబడి, వెంట్రుక కాస్త మెత్తబడుతుంది. ఊడిన జుట్టు మళ్లీ మొలుస్తుందని మాత్రం ఆశపడకండి.

తాగడం గురించి నా మాట ఒక్కటే: ఇంట్లో తీసినది తాగకండి. ఎంత కడిగినా అలోయిన్ ఎంత మిగిలిందో కొలిచే వీలు మనకు లేదు. కలబంద చేదు రసంతో చేసిన విరేచనాల మందుల భద్రతకు తగిన ఆధారాలు లేవని 2002లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ వాటిని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల్లోంచి తీయించింది. తొక్కతో సహా మట్ట మొత్తంతో చేసే సారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బీ వర్గంలో చేర్చింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, షుగర్ మందులు వేసుకునేవాళ్లు అసలు దగ్గరికి పోవద్దు. మట్ట కొరికిన పిల్లికీ కుక్కకీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, కుండీ వాటికి అందని ఎత్తులో పెట్టండి.

9. అరుదైనవి కొనాలనిపిస్తే

కొన్నాళ్లు పెంచాక కొత్త జాతుల మీద మనసు పోవడం మామూలే. అడవి మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కిందికి, అలో వెరాను మినహాయిస్తే, కలబంద జాతులన్నీ వస్తాయి. అంటే పరదేశం నుంచి మొక్కను తెప్పించుకోవాలంటే సరైన అనుమతి పత్రాలుండాలి. అడవిలోంచి తవ్వి తెచ్చినవి అమ్మేవాళ్లూ ఉంటారు. మట్టలు గీతలు పడి, వేళ్లు తెగి, ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేకుండా ఉంటే అనుమానించండి. నర్సరీలో గింజ నుంచి పెంచినవి శుభ్రంగా, ఒకే తీరుగా ఉంటాయి.

చాలామంది అడిగేది అలో పాలిఫిల్లా, మట్టలు చుట్లు చుట్లుగా తిరిగి ఉండే, దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు చిన్న దేశం లెసోతో కొండల మొక్క. అది సైటిస్‌లో అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలో ఉంది. ఎత్తైన చల్లని వాలుల్లో పెరిగింది కాబట్టి వేళ్లు వేడెక్కితే తట్టుకోలేదు. మీ దగ్గర వేసవి గట్టిగా ఉంటే దాని మీద డబ్బు పెట్టకండి, అదే డబ్బుతో ఒక జువెన్నా పిలక, ఒక ఆర్బొరెసెన్స్ కొమ్మ తెచ్చుకోండి.